పారిశ్రామిక ఇంజనీరింగ్: పని తీరు, వనరుల పొదుపు

ఒక సంస్థలో మనుషులు, యంత్రాలు, ముడిసరుకు, ఇంధనం, సమాచారం, సమయం ఏ తీరున కలిసి పనిచేస్తున్నాయో పరిశీలించి, కొలిచి, ఆ తీరును మెరుగుపరిచే శాస్త్రం పారిశ్రామిక ఇంజనీరింగ్. సివిల్ ఇంజనీరు వంతెన కడతాడు, మెకానికల్ ఇంజనీరు యంత్రాన్ని రూపొందిస్తాడు. పారిశ్రామిక ఇంజనీరు తీర్చిదిద్దేది పని జరిగే వరుసను. ఫ్యాక్టరీల్లో పుట్టిన ఈ విద్య ఇవాళ ఆస్పత్రులు, బస్సు డిపోలు, రేవులు, బ్యాంకులు, గోదాములు, పుణ్యక్షేత్రాల క్యూల దాకా విస్తరించింది.

ఈ శాస్త్రం మొదట్లో పనివాడి చేతుల వైపు చూసింది. తర్వాత మెల్లగా ఆ చూపు ఒక పనికీ మరో పనికీ నడుమ ఉన్న ఖాళీ మీదికి మళ్లింది. సరుకు కానీ, రోగి కానీ, ఫైలు కానీ ఒక సంస్థలో గడిపే కాలంలో ఎక్కువ భాగం ఎదురుచూపుకే పోతుంది. దాని మీద ఎవరో ఒకరు పనిచేసే సమయం సాధారణంగా అందులో చిన్న వాటా. ఈ సంగతి బోధపడ్డాకే పారిశ్రామిక ఇంజనీరింగ్‌కు అసలు బలం వచ్చింది.

స్టాప్‌వాచ్ కాలం

పనిని ముక్కలుగా విడగొడితే ఉత్పత్తి పెరుగుతుందని ఆడం స్మిత్ 1776లోనే గుండుసూదుల తయారీని చూపించి రాశాడు. పదిమంది పని పంచుకుంటే రోజుకు 48,000 సూదులు తయారవుతాయని ఆయన లెక్క. దాన్ని కొలతలతో కూడిన వృత్తిగా మార్చినవాడు అమెరికాకు చెందిన ఫ్రెడరిక్ విన్‌స్లో టేలర్ (1856–1915). ఫిలడెల్ఫియాలోని మిడ్‌వేల్ ఉక్కు కర్మాగారంలో ఫోర్‌మన్‌గా ఉన్నప్పుడు, ఒక పనికి న్యాయంగా ఎంత సమయం పట్టాలో యజమానికీ తెలియదు, పనివాడికీ తెలియదు అని గమనించాడు. ప్రతి పనినీ చిన్న చిన్న భాగాలుగా విడదీసి స్టాప్‌వాచ్‌తో కొలవడం మొదలుపెట్టాడు.

బెత్లెహేమ్ ఉక్కు కర్మాగారంలో ఆయన పారల మీద చేసిన పరిశోధన ఇప్పటికీ చదవదగ్గది. కూలీలు ఇంటి నుంచి తెచ్చుకున్న పారలతోనే ఖనిజాన్నీ బూడిదనూ ఎత్తేవారు. బరువైన ఖనిజంతో పార నిండితే మోయలేని భారం, తేలికైన బూడిదతో నిండితే చేసిన శ్రమకు తగ్గ ఫలితం లేదు. ఒక్కో పారకు సుమారు 21 పౌండ్లు, అంటే తొమ్మిదిన్నర కిలోల బరువు పడితే రోజు మొత్తం మీద ఎక్కువ పని జరుగుతుందని తేలింది. ఖనిజానికి చిన్న పార, బూడిదకు పెద్ద పార కంపెనీయే ఇచ్చేలా ఏర్పాటు చేశాడు. మనిషిని తొందరపెట్టకుండా పనిముట్టును సరిచేసిన ఈ ఉదాహరణలో టేలర్ ఆలోచన అత్యుత్తమంగా కనిపిస్తుంది.

అదే కర్మాగారంలో ఇనుప దిమ్మెల మోత విషయం వేరు. రోజుకు 12.5 టన్నులు మోసే కూలీ 47.5 టన్నులు మోయగలిగాడని, కూలి 1.15 డాలర్ల నుంచి 1.85 డాలర్లకు పెరిగిందని 1911లో వెలువడిన ‘ప్రిన్సిపుల్స్ ఆఫ్ సైంటిఫిక్ మేనేజ్‌మెంట్’లో ఆయన రాశాడు. ఈ కథనంలో అతిశయోక్తి ఉందని తర్వాతి చరిత్రకారులు తేల్చారు. ఉన్నది ఉన్నట్టు తీసుకున్నా, పని దాదాపు నాలుగింతలైతే కూలి పెరిగింది 60 శాతం. మిగిలిన లాభం ఎవరికి చేరాలన్న ప్రశ్న ఈ శాస్త్రాన్ని ఆనాటి నుంచీ వెంటాడుతోంది. 1911 ఆగస్టులో వాటర్‌టౌన్ ఆయుధ కర్మాగారంలో పోతపనివాళ్లు స్టాప్‌వాచ్‌కు వ్యతిరేకంగా సమ్మెకు దిగారు. అమెరికా కాంగ్రెస్ విచారణ జరిపింది. ప్రభుత్వ సైనిక కర్మాగారాల్లో స్టాప్‌వాచ్ కొలతలకు నిధులు వాడరాదంటూ తర్వాత విధించిన నిషేధం 1949 దాకా సాగింది.

ఫ్రాంక్ గిల్‌బ్రెత్ (1868–1924) తాపీపనివాడిగా జీవితం మొదలుపెట్టాడు. అందుకే ఆయన చూపు గడియారం మీద కాకుండా కదలికల మీద పడింది. గోడ లేచేకొద్దీ మేస్త్రి ప్రతి ఇటుకకూ పరంజా మీద నడుము వంచాల్సి వస్తోంది. అంటే ఇటుక బరువుతో పాటు తన ఒంటి బరువునూ ప్రతిసారీ ఎత్తుతున్నాడు. గోడతో పాటు ఎత్తు పెంచుకోగల పరంజాను గిల్‌బ్రెత్ తయారు చేయించాడు. ఇటుకల్లో మంచి ముఖం పైకి ఉండేలా సహాయకుడు ముందే పేర్చి అందించాడు. చేత్తో అదిమితే ఇటుక కూర్చునేటంత సరైన పదునులో మాలు కలిపించాడు, తాపీతో తట్టే పని తప్పింది. ఒక ఇటుక పెట్టడానికి 18 కదలికలు పట్టేచోట అయిదు సరిపోయాయి, గంటకు 120 ఇటుకలు పేర్చే మేస్త్రి 350 దాకా పేర్చగలిగాడు. ఇక్కడ మనిషి చేతుల వేగం పెరగలేదు, నడుము నొప్పి తగ్గింది.

ఆయన భార్య లిలియన్ గిల్‌బ్రెత్ (1878–1972) మనస్తత్వ శాస్త్రంలో డాక్టరేట్ పొందిన విదుషి. అలసట, విసుగు, శ్రద్ధ అన్నవి కూడా ఇంజనీరింగ్ అంశాలేనని గట్టిగా చెప్పిన తొలివారిలో ఆమె ఒకరు. 1924లో భర్త చనిపోయాక 11 మంది పిల్లల్ని పెంచుతూ, ఈ విద్యను వంటింట్లోకి తీసుకొచ్చింది. కాలితో తొక్కితే మూత తెరుచుకునే చెత్తబుట్ట, ఫ్రిజ్ తలుపు లోపలి అరలు ఆమె కృషితో ముడిపడినవే. ఈ శాస్త్ర చరిత్రలో టేలర్‌కు దక్కినంత చోటు ఆమెకు దక్కకపోవడం అన్యాయం.

హెన్రీ ఫోర్డ్ 1913లో హైలాండ్ పార్క్ కర్మాగారంలో కదిలే అసెంబ్లీ లైన్ పెట్టాక, మోడల్ టి చాసిస్ బిగింపుకు పట్టే సమయం పన్నెండున్నర గంటల నుంచి సుమారు గంటన్నరకు పడిపోయింది. అయితే ఒకే బోల్టును రోజంతా బిగించడం భరించలేక పనివాళ్లు విపరీతంగా మానేశారు. 1914 జనవరిలో ఫోర్డ్ ప్రకటించిన రోజుకు 5 డాలర్ల వేతనం వెనుక ఈ వలసను ఆపాల్సిన అవసరం పెద్దది.

లెక్కలు తోడైన వేళ

స్టాప్‌వాచ్ పక్కనే గణితం పెరుగుతూ వచ్చింది. ఒకేసారి ఎంత సరుకు తెప్పించుకోవాలన్న ప్రశ్నకు ఫోర్డ్ హారిస్ 1913లో సూత్రం కనిపెట్టాడు. ఎక్కువ తెస్తే నిల్వ ఖర్చు, తక్కువ తెస్తే మాటిమాటికీ ఆర్డరు ఖర్చు. ఈ రెంటి మధ్య సమతూకం చూస్తే, గిరాకీ నాలుగింతలైనా ఆర్డరు పరిమాణం రెండింతలైతే చాలని ఆ సూత్రం చెబుతుంది. అమ్మకాలతో పాటే గోదామునూ అదే దామాషాలో నింపే దుకాణదారుకు నేటికీ ఇది పనికొచ్చే మాట.

1924లో వాల్టర్ షూహార్ట్ తయారు చేసిన నియంత్రణ పటం అంతకన్నా లోతైనది. ఏ పనిలోనైనా ఫలితం కొంత అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊగిసలాట పద్ధతిలోనే ఇమిడి ఉన్నదా, లేక అరిగిన పనిముట్టు, చెడ్డ ముడిసరుకు వంటి ప్రత్యేక కారణం వల్ల వచ్చిందా అన్నది పటం విడదీసి చూపుతుంది. పద్ధతిలోనే ఉన్న లోపానికి పనివాడిని తిట్టి లాభం లేదు, పద్ధతిని మార్చాలి. మార్చే అధికారం యాజమాన్యానిది. ఎడ్వర్డ్స్ డెమింగ్ 1950లో జపాన్ వెళ్లి ఇంజనీర్లకు, కంపెనీ అధిపతులకు బోధించిన సారాంశం ఇదే.

రెండో ప్రపంచ యుద్ధంలో రాడార్లను ఎక్కడ నిలపాలి, ఓడలను ఎంత పెద్ద గుంపులుగా పంపాలి అన్న ప్రశ్నలకు శాస్త్రవేత్తలు లెక్కలు కట్టడంతో ఆపరేషన్స్ రీసెర్చ్ పుట్టింది. జార్జ్ డాంట్‌జిగ్ 1947లో రూపొందించిన సింప్లెక్స్ పద్ధతి పరిమిత వనరులను పంచే సమస్యలకు సాధనమైంది. భారతదేశంలో ఈ శాస్త్రానికి తొలి చిరునామా హైదరాబాదు. 1949లో ఇక్కడి ప్రాంతీయ పరిశోధనాలయంలో ఆపరేషన్స్ రీసెర్చ్ విభాగం మొదలైంది.

నాణ్యత రంగంలో మరో తెలుగు బంధం ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి కలకత్తాలోని భారత గణాంక సంస్థలో చేరిన కల్యంపూడి రాధాకృష్ణారావు 1940ల్లో ఆర్థోగోనల్ అరేల సిద్ధాంతాన్ని అభివృద్ధి చేశారు. అనేక అంశాలు ఫలితాన్ని ప్రభావితం చేసేచోట, అన్ని కలయికలనూ పరీక్షించనక్కర్లేకుండా కొద్ది ప్రయోగాలతోనే ఏది ముఖ్యమో తేల్చే దారి అది. ఆ సంస్థ స్థాపకుడు పి.సి. మహలనోబిస్ ఆహ్వానంతో షూహార్ట్ 1947–48లో భారతదేశం వచ్చాడు. 1950ల నడుమ జపాన్ ఇంజనీరు గెనిచి టగుచి కూడా అదే సంస్థలో కొంతకాలం గడిపాడు. తర్వాత జపాన్ పరిశ్రమల్లో టగుచి ప్రచారంలోకి తెచ్చిన ప్రయోగ పద్ధతులకు పునాది ఆర్థోగోనల్ అరేలే. ఏ కారు భాగం మన్నిక వెనుక అయినా కలకత్తాలో ఒక తెలుగువాడు వేసిన లెక్క ఉండవచ్చునన్నది మనం గర్వంగా గుర్తుంచుకోవలసిన విషయం.

టయోటా పాఠం

యుద్ధంలో చితికిన జపాన్‌లో పెట్టుబడి లేదు, గిరాకీ చిన్నది. ఒకే నమూనాను లక్షల్లో తయారు చేసే అమెరికా దారి టయోటాకు కుదరదు. తైచి ఓనో నాయకత్వంలో ఆ కంపెనీ ఇరవై ఏళ్లకు పైగా శ్రమించి వేరే దారి వేసుకుంది. తర్వాతి విభాగం అడిగినప్పుడే ముందు విభాగం తయారు చేయాలి, ఆ అడగడానికి కాన్‌బాన్ అనే చీటీ. తేడా కనిపిస్తే ఏ పనివాడైనా తాడు లాగి లైనును ఆపవచ్చు. దారం తెగగానే దానంతటదే ఆగిపోయే మగ్గాన్ని కంపెనీ మూలపురుషుడు సకిచి టయోడా అంతకుముందే తయారు చేశాడు, ఆ ఆలోచనే కారు లైనుకూ వచ్చింది. అవసరానికి మించిన ఉత్పత్తి, ఎదురుచూపు, అటూ ఇటూ మోయడం, అక్కర్లేని పని, నిల్వ, అనవసర కదలిక, లోపాలు అన్నవి ఓనో లెక్కలో ఏడు వృథాలు. వీటిలో మొదటిది ఆయన దృష్టిలో అన్నిటికన్నా చెడ్డది, ఎందుకంటే మిగిలిన ఆరూ దాని చాటున దాక్కుంటాయి.

అచ్చులు మార్చే సమయం తగ్గించిన తీరులో ఈ పద్ధతి గుట్టు తెలుస్తుంది. బాడీ రేకులను నొక్కే వెయ్యి టన్నుల ప్రెస్‌లో అచ్చు మార్చడానికి 1969లో టయోటాకు నాలుగు గంటలు పట్టేది. అన్ని గంటలు యంత్రం ఆగుతుంది కనుక, ఒకసారి అచ్చు పెడితే వేల కొద్దీ రేకులు నొక్కి గోదాములో పడేయడమే లాభమనిపించేది. షిగెయో షింగో మొత్తం పనిని రెండుగా విడదీశాడు. యంత్రం ఆగితే తప్ప చేయలేనివి కొన్ని, నడుస్తుండగానే చేసి పెట్టుకోగలిగినవి కొన్ని. కొత్త అచ్చును తెచ్చి పక్కన ఉంచడం, బోల్టులు వెతకడం, ఎత్తు సరిచూడటం వంటివన్నీ రెండో జాబితాలోకి వెళ్లిపోయాయి. సమయం ముందు గంటన్నరకు, ఆ తర్వాత మూడు నిమిషాలకు దిగింది. దానితో కొద్ది కొద్దిగా, రకరకాలుగా తయారు చేయడం గిట్టుబాటైంది, నిల్వలు కరిగిపోయాయి.

చీటీలూ తాళ్లూ మాత్రం కాపీ కొట్టిన కంపెనీలకు ఆ ఫలితం దక్కలేదు. తాడు లాగిన పనివాడిని నిలదీసే చోట ఎవరూ తాడు లాగరు. నిల్వ పూర్తిగా తగ్గించడమే ఆదర్శమన్నదీ అపోహే. 2011 భూకంపం తర్వాత టయోటాయే చిప్‌ల వంటి కీలక భాగాలను నెలల తరబడి నిల్వ ఉంచేలా సరఫరాదారులతో ఏర్పాటు చేసుకుంది.

ఎదురుచూపు లెక్క

క్యూల గణితానికి ఆద్యుడు డెన్మార్క్ ఇంజనీరు ఎ.కె. ఎర్లాంగ్. కోపెన్‌హేగన్ టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీ కోసం 1909లో తొలి వ్యాసం రాశాడు. 1961లో జాన్ లిటిల్ నిరూపించిన సూత్రం మరీ సులువు: లోపల ఉన్నవారి సగటు సంఖ్య, వచ్చే వేగాన్ని ఒక్కొక్కరు గడిపే సగటు సమయంతో గుణిస్తే వచ్చేదానికి సమానం. ఆస్పత్రి ఓపీకి గంటకు 30 మంది వస్తూ, ఆవరణలో ఎప్పుడు చూసినా సుమారు 90 మంది ఉంటే, ఒక్కో రోగికి 3 గంటలు పడుతున్నట్టే. ఎవరినీ అడగనక్కర్లేదు, తలలు లెక్కపెడితే చాలు.

సిబ్బందిని క్షణం ఖాళీ లేకుండా ఉంచడమే సామర్థ్యమని చాలా కార్యాలయాల్లో నమ్మకం. క్యూ గణితం దీన్ని ఒప్పుకోదు. ఒకే డాక్టరు ఉండి, రోగుల రాకా పరీక్షకు పట్టే సమయమూ రెండూ అటూ ఇటూ మారే సాధారణ నమూనాలో, డాక్టరు సమయంలో 80 శాతం నిండితే లోపల సగటున నలుగురు ఉంటారు. 90 శాతానికి తొమ్మిదిమంది, 95 శాతానికి పందొమ్మిది మంది. నూరు శాతం దగ్గరకొస్తే క్యూకు అంతు ఉండదు. కాస్త ఖాళీ ఉంచుకోవడం సోమరితనం కాదు, క్యూ పెరగకుండా చెల్లించే ధర.

తెలుగువారికి అందరికన్నా బాగా తెలిసిన క్యూ తిరుమలది. గర్భాలయం ముందు నుంచి గంటకు ఎంతమంది నడవగలరన్నదే మొత్తం ఏర్పాటుకు హద్దు. వైకుంఠం క్యూ కాంప్లెక్సులో ఎన్ని కంపార్ట్‌మెంట్లు కట్టినా ఆ హద్దు మారదు, ఎదురుచూడటానికి నీడ మాత్రం దొరుకుతుంది. సమయం వేసి ఇచ్చే సర్వదర్శనం టోకెన్లు కూడా దర్శనాల సంఖ్యను పెంచవు. ఎదురుచూపును క్యూలోంచి తప్పించి బయట పెడతాయి. చంటిబిడ్డతో వచ్చిన తల్లికి ఆ తేడా చిన్నది కాదు. హద్దును పెంచినవి లఘు, మహాలఘు దర్శనాలు. భక్తులు స్వామిని చూసి మళ్లే చోటును దూరంగా జరిపితే ఎక్కువ మంది కదలగలిగారు, అయితే ఆ దగ్గరితనం పోయింది. ఎంత దగ్గరితనానికి ఎంతమంది అన్నది ఇంజనీరు ఒక్కడే తేల్చగల లెక్క కాదు.

ఇరుకు చోటే మొత్తం వేగాన్ని శాసిస్తుందన్న ఈ సూత్రాన్ని ఎలియాహు గోల్డ్‌రాట్ 1984లో ‘ది గోల్’ అనే నవలగా రాసి ప్రచారం చేశాడు. అచ్యుతాపురం దుస్తుల ఫ్యాక్టరీల వంటి చోట్ల కుట్టు లైను నడిపేవారికి ఇది రోజువారీ పని. ఒక షర్టుకు మొత్తం 24 నిమిషాల పని ఉందనుకుందాం. లైనులో 30 మంది ఉంటే గంటకు 75 షర్టులు రావాలి. కాలర్ అతికించడానికి నిమిషమున్నర పట్టి, అక్కడ ఒక్కరే కూర్చుంటే వచ్చేవి 40. మిగిలిన 29 మందిని ఎంత అదిలించినా కాలర్ ముందు కట్టలు పేరుకుపోవడమే తప్ప షర్టు పెరగదు. అక్కడ రెండో మిషను వేస్తే గంటకు 80 కాలర్లకు వీలవుతుంది, ఇరుకు వేరే చోటికి మారుతుంది. అప్పుడు దాన్ని వెతకాలి.

కంటి ఆస్పత్రి

వైద్యంలో ఈ శాస్త్రం సాధించిన గొప్ప విజయం మన పొరుగునే ఉంది. ప్రభుత్వ ఉద్యోగం నుంచి రిటైరైన డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి 1976లో మదురైలో 11 పడకలతో అరవింద్ కంటి ఆస్పత్రి ప్రారంభించారు. కీళ్లవాతంతో వేళ్లు వంకరపోయినా ఆయన వేల శస్త్రచికిత్సలు చేశారు. శుక్లాల ఆపరేషన్‌లో డాక్టరు తప్ప మరొకరు చేయలేని భాగం కొద్ది నిమిషాలే. అరవింద్‌లో ఒక్కో సర్జన్‌కు రెండు బల్లలు ఉంటాయి. ఒక బల్ల మీద ఆపరేషన్ సాగుతుండగా రెండో బల్ల మీద తర్వాతి రోగిని నర్సులు సిద్ధం చేస్తారు. ఒకటి ముగియగానే సర్జన్ మైక్రోస్కోప్‌ను పక్కకు తిప్పుకుంటారు. ఆ నర్సుల్లో ఎక్కువమంది పల్లెల నుంచి వచ్చి అక్కడే శిక్షణ పొందిన అమ్మాయిలు. ఇలా ఒక్కో సర్జన్ చేయగల ఆపరేషన్లు పెరిగి ఖర్చు తగ్గడంతో డబ్బు కట్టగలవారి రుసుముతోనే పేదలకు ఉచితంగా చూపు తెప్పించడం సాధ్యమైంది. కంటిలో అమర్చే లెన్సుల ధర అడ్డొస్తే 1992లో ఆరోల్యాబ్ పెట్టి సొంతంగా తయారు చేశారు.

హైదరాబాదులో 1987లో గుళ్లపల్లి నాగేశ్వరరావు స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ మరో వైపు నుంచి వచ్చింది. సుమారు 50,000 జనాభాకు ఒక దృష్టి కేంద్రం, అందులో శిక్షణ పొందిన స్థానిక యువత, వారికి పైన పెద్ద కేంద్రాలు. కళ్లద్దాలతో తీరే సమస్యకు ఎవరూ నగరం దాకా ప్రయాణం చేయనక్కర్లేదు.

ఇంధనం, ముడిసరుకు

వనరుల పొదుపు అంటే వాడకం మానేయడం కాదు, పారబోసేదాన్ని పట్టుకోవడం. కోక్ బట్టీలోంచి సుమారు వెయ్యి డిగ్రీల వేడితో వచ్చే కోక్‌ను నీళ్లు చల్లి ఆర్పితే ఆ వేడంతా ఆవిరై గాలిలో కలుస్తుంది. విశాఖ ఉక్కు కర్మాగారం దేశంలో తొలిసారిగా పొడి పద్ధతిలో చల్లార్చే ఏర్పాటు చేసింది. నత్రజని వాయువు కోక్ మధ్యగా ప్రసరించి వేడిని మోసుకెళ్తుంది, ఆ వేడితో బాయిలర్‌లో ఆవిరి తయారై విద్యుత్తు అవుతుంది. బ్లాస్ట్ ఫర్నేస్ నుంచి పైకి వచ్చే వాయువు ఒత్తిడితోనూ అక్కడ టర్బైన్లు తిరుగుతాయి.

ఆర్టీసీ డిపోల్లో లీటరు డీజిల్‌కు ఎన్ని కిలోమీటర్లు వచ్చిందో చెప్పే కేఎంపీఎల్ అన్న మాట డ్రైవరు నుంచి డిపో మేనేజరు దాకా అందరి నోటా ఉంటుంది. టైర్లలో గాలి, క్లచ్ మీద కాలు, ఆగినప్పుడు ఇంజన్ ఆపడం, బ్రేకు వేయాల్సిన అవసరం రాకుండా ముందే వేగం తగ్గించడం వంటి చిన్న అలవాట్లు వేల బస్సుల మీద పెద్ద మొత్తమవుతాయి. కేంద్రం 2001లో ఇంధన పొదుపు చట్టం తెచ్చింది. 2012 నుంచి అమలైన పాట్ పథకంలో సిమెంటు, ఉక్కు, ఎరువుల వంటి పరిశ్రమలకు లక్ష్యాలు పెట్టారు. లక్ష్యం దాటి పొదుపు చేసిన కర్మాగారం తన సర్టిఫికెట్లను దాటలేని కర్మాగారానికి అమ్ముకోవచ్చు.

ఒక హెచ్చరిక పాతదే. ఆవిరి యంత్రాలు తక్కువ బొగ్గుతో నడిచేకొద్దీ దేశం మొత్తం వాడే బొగ్గు పెరుగుతోందని విలియం స్టాన్లీ జెవాన్స్ 1865లోనే గుర్తించాడు. చౌకైనదాన్ని జనం ఎక్కువగా వాడతారు. ఒక్కో యంత్రం సామర్థ్యం పెరిగినంత మాత్రాన మొత్తం వాడకం తగ్గుతుందన్న హామీ లేదు.

పనిచేసేవారి తెలివి

1953లో అహ్మదాబాద్‌లోని కాలికో మిల్లులో లండన్ టావిస్టాక్ సంస్థకు చెందిన ఎ.కె. రైస్ ఒక చిక్కు చూశాడు. ఆటోమేటిక్ మగ్గాలు తెచ్చారు, ప్రతి పనికీ వేరు వేరు మనుషుల్ని ఇంజనీరింగ్ లెక్కల ప్రకారమే పెట్టారు, అయినా ఉత్పత్తి పెరగలేదు. మగ్గం ఆగితే ఎవరి బాధ్యతో ఎవరికీ తెలియదు. కొన్ని మగ్గాలకు ఒక చిన్న బృందం మొత్తంగా బాధ్యత వహించాలన్న ఆలోచన ముందుకు రాగానే కార్మికులు తామే బృందాలను కూర్చుకున్నారు. మొదట్లో తడబాటు కలిగినా తర్వాత ఉత్పత్తి పెరిగింది, పాడైన గుడ్డ తగ్గింది. యంత్రాల అమరికనూ మనుషుల అమరికనూ కలిపి రూపొందించాలన్న ఆలోచనకు ప్రపంచమంతా ఉదహరించే ప్రయోగాల్లో ఇది ఒకటి.

దేశంలో 1958లో జాతీయ ఉత్పాదకత మండలి, 1963లో ముంబైలో పారిశ్రామిక ఇంజనీరింగ్ శిక్షణ సంస్థ నీటీ ఏర్పడ్డాయి. నీటీ 2023లో ఐఐఎం ముంబైగా మారింది. అక్కడ చదివినవారు కర్మాగారాల కన్నా సరఫరా గొలుసులు, ఈ-కామర్స్ గోదాముల్లోనే ఎక్కువగా కనిపించే రోజులివి.

ఆ గోదాముల్లో పనివాడి చేతిలోని స్కానరే ప్రతి క్షణాన్నీ కొలుస్తుంది, లెక్క కట్టేది సాఫ్ట్‌వేర్. టేలర్ నాటి ప్రశ్న ఇక్కడ మళ్లీ ఎదురవుతుంది. లాభాల పంపకానికి మంచి నమూనాలు లేకపోలేదు. 1930ల్లో ఉక్కు కార్మిక నాయకుడు జోసెఫ్ స్కాన్లన్ రూపొందించిన పథకంలో పనివాళ్ల సూచనలతో తగ్గిన ఖర్చులో పెద్ద వాటా వారికే బోనస్‌గా చేరుతుంది. అలాంటి ఒప్పందం లేని చోట చట్టం కలగజేసుకోవాల్సి వస్తోంది. 2022 జనవరి నుంచి కాలిఫోర్నియాలో అమలవుతున్న చట్టం ప్రకారం గోదాము యజమాని పనివాడికి అతని కోటా ఎంతో రాసి ఇవ్వాలి. భోజన విరామానికీ, మూత్రశాలకు వెళ్లడానికీ అడ్డొచ్చే కోటా అక్కడ చెల్లదు.